ఎవరికొరకు ఈ గది?

(రేడియో ప్రసంగ పాఠము. చదువవలసిన వాక్యభాగములు: 2 రాజులు 4:8–37, 8:1–6, యిర్మీయా 22:13–17)

 

సంక్రాంతి వెళ్ళిన దగ్గరనుండి మన ఊళ్ళలో ఏ వీధిలో చూసినా ఇసుక కుప్పలు, ఇటుకల దొంతరలు కనబడతాయి. వానలు పడకముందే పని ముగించాలని అందరికీ తొందర. కొందరు కొత్త ఇల్లు కడతారు. అంతకంటె ఎక్కువమంది ఉన్న ఇంటికే ఒక గది కలుపుకుంటారు, వంటగది పెంచుకుంటారు, మేడమీద ఒక పోర్షను వేసుకుంటారు. ఇది తప్పు కాదు. పిల్లలు ఎదుగుతారు, కోడలు వస్తుంది, తల్లిదండ్రులు పెద్దవారవుతారు. ఇల్లు చాలకపోవడం సహజమే.

అయితే ఒక సంగతి గమనించాను. ఇంటి పని మొదలుపెట్టేటప్పుడు మనము ముందు పిలిచేది మేస్త్రిని. తర్వాత అప్పు ఇచ్చేవారిని. అన్నీ అయిపోయి, గోడలకు రంగులు వేసి, సామాను సర్దిన తర్వాత పాస్టరును పిలిచి, "అయ్యగారూ, ప్రతిష్ఠ ప్రార్థన చేయండి" అంటాము. అప్పటికి దేవుని వాక్యమును అడగడానికి ఏమీ మిగలదు. అందుకని ఈ దినము, ప్లాను గీయకముందే వాక్యము మనల్ని అడిగే నాలుగు ప్రశ్నలను ధ్యానించుకుందాము.

1. ఈ గది ఎవరికొరకు?

యెజ్రెయేలు లోయకు ఉత్తరపు అంచున షూనేము అనే ఊరు ఉంది. ఇప్పటికీ ఆ చోట సూలం అనే పేరుతో ఒక గ్రామము ఉన్నది. ఆ ఊరిలో కలిగిన ఇంటి స్త్రీ ఒకామె ఉండేది. ఆమె పేరు లేఖనములలో వ్రాయబడలేదు. ప్రవక్తయైన ఎలీషా ఆ దారిన వచ్చిపోయేటప్పుడు ఆమె బలవంతము చేసి భోజనము పెట్టేది. కొంతకాలము తర్వాత ఆమె తన భర్తతో, ఈయన మన దారిన తరచు వస్తున్నాడు, మేడమీద ఆయనకొక చిన్న గది కట్టిద్దామని అడిగింది. అందులో ఒక మంచము, ఒక బల్ల, ఒక పీట, ఒక దీపస్తంభము పెడదామని కూడా చెప్పింది.

ప్రియులారా, వరుస చూడండి. ఆమె ముందు మనిషిని చూసింది. అతని అలసట చూసింది. తర్వాత గది గురించి ఆలోచించింది. మనము చాలాసార్లు ముందు ఖాళీ స్థలము చూస్తాము. పక్కింటివారి మేడ చూస్తాము. ఆ తర్వాత, ఈ గది దేనికి వాడదామని ఆలోచిస్తాము.

ఇంకొక సంగతి. ఆమె గోడ లేవకముందే లోపల ఏమి ఉండాలో లెక్క వేసుకున్నది. నిద్రకు మంచము, భోజనానికి బల్ల, కూర్చోవడానికి పీట, రాత్రివేళకు దీపము. వచ్చే మనిషి అవసరాన్నిబట్టి ఆమె గదిని ఊహించింది. మీరు కూడా పని మొదలుపెట్టకముందు ఒక సుద్దముక్క తీసుకొని, గది రాబోయే చోట నేలమీద మంచము గీయండి, బీరువా గీయండి. 10 అడుగుల గదిలో ఆరుంపావు అడుగుల మంచము, దాని పాదాలవైపు అడుగున్నర బీరువా వేస్తే, మధ్య నడవడానికి రెండుంపావు అడుగులు మాత్రమే మిగులుతుంది. బీరువా తలుపు తెరిస్తే మనిషి నిలబడలేడు. సుద్దగీతను చెరిపివేయవచ్చు గాని, గోడను చెరపలేము.

ఇంట్లో పెద్దవారుంటే మరీ జాగ్రత్త. అమ్మకోసమని మేడమీద గాలి వచ్చే గది వేస్తాము. ఆమె మోకాళ్ళు మెట్లు ఎక్కనివ్వవు. ఆఖరుకు ఆ గదిలో మనము పడుకుంటాము, ఆమె మంచము వరండాలోనే ఉంటుంది. పెద్దవారి గది కిందనే ఉండాలి. దగ్గరలో స్నానాలగది ఉండాలి, అందులో పట్టుకోవడానికి గోడకు ఒక గట్టి కడ్డీ ఉండాలి, జారని నేల ఉండాలి. చక్రాల కుర్చీ పట్టేటట్టు గుమ్మము 3 అడుగుల వెడల్పు ఉంటే మేలు. తల్లిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞ ఇటువంటి కొలతలలో నెరవేరుతుంది.

2. ఉన్న ఇల్లు దీనిని మోయగలదా?

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కచూసుకొనడా అని మన ప్రభువు అడిగాడు (లూకా 14:28–30). ఆ మాట ఆయన చెప్పింది శిష్యత్వమును గూర్చి. అయినా ఆయన ఎన్నుకున్న పోలిక ఇంటి పనిదే. ఆయన తచ్చాని ఇంట పెరిగినవాడు. మధ్యలో ఆగిపోయిన గోడను చూసి ఊరు ఎలా నవ్వుతుందో ఆయనకు తెలుసు.

రూపాయల లెక్క ఒకటి. మేస్త్రి చెప్పిన అంచనా మీద పదిలో ఒక వంతైనా అదనంగా చేతిలో ఉంచుకొని మొదలుపెట్టండి. పాత గోడ తవ్వినప్పుడు లోపల ఏమి బయటపడుతుందో ఎవరికీ తెలియదు. బిడ్డ చదువుకు దాచిన డబ్బు, చీటీ పాడిన డబ్బు, అధిక వడ్డీ అప్పు, ఈ మూడూ కలిపి స్లాబు వేసి, తలుపులకు డబ్బు లేక గోనెపట్టాలు కట్టుకున్న ఇళ్ళు మనకు తెలుసు.

బరువు లెక్క రెండవది. 10 అడుగులకు 12 అడుగుల గదికి 5 అంగుళాల స్లాబు వేస్తే, ఆ స్లాబు ఒక్కటే సుమారు మూడున్నర టన్నులు. చుట్టూ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు ఇంకొక తొమ్మిది, పది టన్నులు. పైన 1000 లీటర్ల నీళ్ళ ట్యాంకు పెడితే, నీళ్ళ బరువే ఇంకొక టన్ను. ఇదంతా కింద ఉన్న ఇల్లు మోయాలి. మన తాతల నాటి ఇళ్ళలో చాలావాటికి పిల్లర్లు ఉండవు, గోడలే బరువు మోస్తాయి. హాలు పెద్దది చేద్దామని మధ్య గోడ తీసేస్తే, అది కప్పును మోసే గోడ కావచ్చు. కొత్త ఇళ్ళలో పిల్లర్లు ఉన్నా, పునాది ఎన్ని అంతస్తులకు వేశారో చూసుకోవాలి. మేస్త్రి అనుభవము గొప్పదే, దానిని తక్కువ చేయను. కాని ఈ లెక్క వేయవలసినది స్ట్రక్చరల్ ఇంజనీరు. ఆయనకిచ్చే ఫీజు దండగ అనుకోవద్దు.

మన మేడలమీద పైకి లేచి నిలబడిన ఇనుపచువ్వలు చూశారా? ఏనాడో ఇల్లు కట్టిన తండ్రి, కొడుకు రేపు పై అంతస్తు వేస్తాడని ఆశతో ఆ చువ్వలను వదిలాడు. కొడుకు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డాడు. చువ్వలు వానకు తడిసి తుప్పు పట్టాయి. కింద ఇద్దరు ముసలివారు. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఆ చువ్వలకే కొత్త పిల్లరు కడతామంటే, ముందు వాటి బలము పరీక్ష చేయించాలి. ఆశతో వదిలినదైనా, తుప్పు పట్టినదానిమీద బరువు మోపకూడదు.

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడకు పట్టిన కుష్ఠుపొడను గూర్చి ఉన్నది. యాజకుడు వచ్చి చూడకముందే ఇల్లు ఖాళీ చేయాలి. ఆయన చూసి, 7 దినములు ఇల్లు మూసివుంచి, మళ్ళీ వచ్చి చూస్తాడు. పొడ వ్యాపించి ఉంటే ఆ రాళ్ళు తీసి ఊరి వెలుపల పారవేసి, గోడ గీకించి, వేరే రాళ్ళు పెట్టి, కొత్త అడుసు పూయిస్తారు. పొడమీద సున్నము కొట్టడము ఎక్కడా లేదు. మనమేమి చేస్తాము? గోడలోనుండి చెమ్మ వచ్చి పెచ్చులూడుతుంటే, దానిమీద పుట్టీ పెట్టి రంగు వేస్తాము. తర్వాతి వానాకాలానికి అదే మచ్చ మళ్ళీ వస్తుంది. నీరు ఎక్కడినుండి దిగుతున్నదో కనుక్కొనేదాకా రంగుడబ్బా తెరవకండి. ఇంట్లో మనుషుల మధ్య ఉన్న చెమ్మకు కూడా ఇదే మందు. అన్నదమ్ముల మధ్య ఉన్న మనస్తాపము కొత్త గది వేస్తే తీరదు. పాత రాయి తీయాలి.

పంచాయతీ, మున్సిపాలిటీ అనుమతి సంగతి కూడా చెప్పనివ్వండి. ఎప్పుడో క్రమబద్ధీకరణ పథకము వస్తుందిలే, అపరాధ రుసుము కట్టేద్దాములే అని ప్లాను లేకుండా కట్టే విశ్వాసులున్నారు. పక్కింటివారి గాలి, వెలుతురు మూసేసి, మన సన్‌షేడు వారి స్థలములోకి జరిపి, ఆ గదిలో కూడిక పెట్టుకుంటే, గోడకు అవతల ఉన్నవారికి మన పాట ఎలా వినబడుతుంది?

3. ఎవరి చెమటతో?

యూదా రాజులలో యోషీయా, అతని కుమారుడు యెహోయాకీము, ఇద్దరూ కట్టడపు పనులు చేయించినవారే. యోషీయా దేవుని మందిరమును బాగుచేయించాడు. వడ్రంగులకు, శిల్పకారులకు, తాపీపనివారికి డబ్బు అప్పగించాడు. పని చేయించేవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క కూడా అడుగలేదు (2 రాజులు 22:3–7). కుమారుడైన యెహోయాకీము తన కొరకు విశాలమైన మేడగదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎర్ర రంగులు పెట్టించుకున్నాడు. ఆ కాలములోనే ఫరో నెకో వేసిన కప్పము కట్టడానికి దేశ ప్రజలవద్ద వెండి బంగారములు వసూలు చేస్తున్నాడు (2 రాజులు 23:33–35). జనులు కప్పము కడుతున్నారు, రాజు కిటికీలు పెంచుతున్నాడు. పనివారికి జీతమియ్యలేదు. యిర్మీయా ప్రవక్త అతని మేడగదులమీద శ్రమ ప్రకటించాడు. నీ తండ్రి అన్నపానములు పుచ్చుకుంటూనే నీతిన్యాయములు జరిగించలేదా, నన్ను ఎరుగుట అంటే అదే కదా అని దేవుడు అతనిని అడిగాడు.

శ్రోతలారా, ఈ వాక్యము నేను ఇతరులకు బోధించి తప్పించుకోలేను. 2016లో మేము మా ఇంటిమీద ఒక గది వేసుకున్నాము. దారినపోయే దైవజనులకొరకు అని సంఘములో చెప్పాను. నిజానికి ప్లానులో కిటికీ ప్రక్కన గీయించినది నా పుస్తకాల బల్ల. అక్టోబరులో స్లాబు పడింది. నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటన వచ్చింది. బ్యాంకుల ముందు వరుసలు, వారానికి ఇంతే తీసుకోవాలని పరిమితి. మా దగ్గర ఇటుకలు, సిమెంటు మోసిన ఇద్దరు స్త్రీలకు 9 రోజుల కూలి బాకీ. రోజుకు 300 చొప్పున ఇద్దరికీ కలిపి 5,400 రూపాయలు. "నోట్లు లేవమ్మా, మీకు తెలుసు కదా" అన్నాను. వారు తలూపి వెళ్ళిపోయారు.

అది అబద్ధము కాదు. నిజము కూడా కాదు. ఎందుకంటే నేనూ వరుసలో నిలబడి డబ్బు తీసుకున్నాను. ఆ డబ్బు ప్రతిష్ఠ ఆరాధనకు వండించిన బిర్యానీకి ఇచ్చాను. ఆ సాయంత్రము యెషయా 54వ అధ్యాయము తీసి, గుడారము స్థలమును విశాలపరచుకొనుటను గూర్చి బోధించాను. అందరూ తిని వెళ్తున్నప్పుడు ఆ ఇద్దరిలో ఒకామె గేటు దగ్గర నిలబడి ఉన్నది. లోపలికి రాలేదు. "అయ్యగారండీ, గది బాగా కుదిరిందండి. మా కూలి సంగతి ఏమైనా చూస్తారేమోనని వచ్చానండి" అన్నది. గొంతులో కోపము లేదు. అదే నన్ను ఎక్కువ గుచ్చింది.

నేను మళ్ళీ నోట్ల సంగతి ఎత్తబోయాను. మా ఆవిడ లోపలికి వెళ్ళి, బంధువులు, సంఘస్థులు ఇచ్చిన కవర్లు చింపి, 5,400 లెక్కపెట్టి, దానిమీద ఇంకొంత కలిపి ఆమె చేతిలో పెట్టింది. ఆమెను, బయట రోడ్డుమీద నిలబడిన రెండవ ఆమెను లోపలికి పిలిచి భోజనము పెట్టింది. వారు వెళ్ళిన తర్వాత నాతో, "వీళ్ళ కూలి ఇచ్చేదాకా ఆ గది మనది కాదండీ. ఆ గదికా మీరు ప్రార్థన చేశారు?" అన్నది. నాకు జవాబు లేదు. ఆ రాత్రి మేడమీదికి వెళ్ళి, కొత్త సున్నము వాసన మధ్య మోకరించి, మళ్ళీ ప్రతిష్ఠ చేసుకున్నాను. ఈసారి గదిని కాదు, నన్ను.

సూర్యుడు అస్తమించకముందే కూలివాని కూలి ఇయ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది, ఎందుకంటే అతని ప్రాణము దానిమీదనే ఆనుకొని ఉన్నది (ద్వితీయోపదేశకాండము 24:14–15). పట్టుకున్న కూలి మొరపెడుతుందని యాకోబు వ్రాశాడు (5:4). మేస్త్రికి మొత్తము ఇచ్చేశాము, ఆయన వాళ్ళకు ఇస్తాడో లేదో మనకెందుకు అనుకోవద్దు. బరువు మోసిన స్త్రీకి శనివారము సాయంత్రము డబ్బు అందిందా అని ఒక మాట అడగండి. పని జరిగేచోట వారికి తాగడానికి నీళ్ళు, ఎండలో కాసేపు నీడ, ఒక మరుగు ఉండేటట్టు చూడండి. అది మీ అంచనా కాగితములో మొదటి వరుసలో ఉండాలి.

4. ఎవరు పడిపోకుండా?

కొత్త ఇల్లు కట్టినప్పుడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలని, ఎవరైనా అక్కడనుండి పడితే ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వస్తుందని దేవుడు ఆజ్ఞాపించాడు (ద్వితీయోపదేశకాండము 22:8). ఇశ్రాయేలీయుల ఇళ్ళకు కూడా మన డాబాల వలెనే పైన సమతలముగా ఉండేది. అక్కడ జనుప కట్టెలు ఆరబెట్టేవారు, ప్రార్థించేవారు, పడుకునేవారు. ఇంటివాడు ఎప్పుడూ పైన తిరుగుతాడు, అతనికి అంచు ఎక్కడో తెలుసు. పిట్టగోడ తెలియనివారి కొరకు. చుట్టపుచూపుగా వచ్చిన పిల్లవాడి కొరకు.

మనము డబ్బు చాలనప్పుడు మొదట వాయిదా వేసేది పిట్టగోడనే, మెట్లకు రైలింగునే. టైల్సు మాత్రము ఆగవు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారము పిట్టగోడ కనీసము 1 మీటరు, అంటే మూడుంపావు అడుగులకు పైగా ఉండాలి. మీ ఇంట్లో అంతకంటె తక్కువ ఉంటే, ఈ వేసవి పనిలో మొదట అది పెంచండి. పై అంతస్తు వేసేవారు ఎదుటి కరెంటు తీగలు కూడా చూసుకోవాలి. 11 కేవీ లైను మేడ ప్రక్కనుండి పోతుంటే కనీసము 1.2 మీటర్ల దూరము విడవాలని నియమము. చువ్వ పైకెత్తిన పనివాడు, గాలిపటము ఎగరేసే బిడ్డ ఆ తీగకు తగిలి ప్రాణములు పోయిన వార్తలు మనము వింటూనే ఉన్నాము. ఆ రక్తాపరాధము ఇంటిమీదనే ఉంటుంది.

ప్రియులారా, షూనేమీయురాలి గది తర్వాత ఏమైనదో చూసి ముగిస్తాను. దేవుడు ఆమెకు ఒక కుమారుని ఇచ్చాడు. ఆ బిడ్డ ఎదిగి, ఒకనాడు పొలములో తలనొప్పి అని ఏడ్చి, మధ్యాహ్నము దాకా తల్లి ఒడిలో కూర్చుండి చనిపోయాడు. అప్పుడామె ఆ బిడ్డను ఎత్తుకొని ఎక్కడికి వెళ్ళింది? తన పడకగదికి కాదు. మెట్లెక్కి ఆ చిన్న గదికి వెళ్ళి, దైవజనుని మంచముమీద పడుకోబెట్టి తలుపు వేసింది. ఆ గదిలోనే, ఆ మంచముమీదనే ఎలీషా ప్రార్థన చేయగా బిడ్డ ఏడుసార్లు తుమ్మి కళ్ళు తెరిచాడు. ఇతరుని అలసట కొరకు వేసిన మంచము తన దుఃఖమునకు చోటైనది. అలా జరుగుతుందని లెక్కవేసి ఆమె ఆ గది కట్టలేదు. వేరొకరి కొరకు కట్టింది, అంతే.

కొన్ని సంవత్సరముల తర్వాత కరవు రాబోతున్నదని ఎలీషా చెప్పగా, ఆమె ఆ ఇల్లు, ఆ గది, ఆ పొలము అన్నీ విడిచి ఫిలిష్తీయుల దేశములో 7 సంవత్సరములు పరదేశిగా ఉన్నది. తిరిగి వచ్చేసరికి ఇల్లు చేతిలో లేదు. రాజు దగ్గరికి పోయి మొరపెట్టవలసివచ్చింది. రాజు ఆమెకు ఇల్లు, పొలము, విడిచి వెళ్ళిన నాటినుండి వచ్చిన పంటతో సహా ఇప్పించాడు. అంత ప్రేమగా కట్టుకున్న ఇంటిని కూడా దేవుడు పొమ్మంటే ఆమె విడువగలిగింది. గది ఆమె చేతిలో ఉన్నది గాని, ఆమె గది చేతిలో లేదు.

ఈ వారము మీ ఇంట్లో ప్లాను కాగితము బల్లమీద ఉంటే, దాని చుట్టూ భార్యాభర్తలు, పిల్లలు, పెద్దవారు కలిసి కూర్చోండి. ఎవరికొరకు అని అడగండి. మోయగలదా అని అడగండి. ఎవరి కూలి బాకీ ఉన్నదో అడగండి. ఎవరు పడిపోవచ్చునో అడగండి. గది వేసే స్తోమత లేనివారు నిరాశపడవద్దు. ఉన్న ఒక్క గదిలో ఒక మంచము జరిపి, రేపు పరీక్ష రాయడానికి ఊరినుండి వచ్చే ఒక బిడ్డకు, ఆసుపత్రికి వచ్చిన ఒక కుటుంబానికి చాప వేయగలిగితే, మీ ఇల్లు అప్పుడే విశాలమైనది.

ప్రార్థన చేసుకుందాము.

పరలోకపు తండ్రీ, సత్రములో చోటు దొరకని నీ కుమారుడు మా కొరకు నీ ఇంట స్థలము సిద్ధపరచుచున్నందుకు స్తోత్రము. మా ఇండ్లలో ఎవరికి చోటు లేదో మాకు చూపించుము. మేము ఎవరి కూలి బిగబట్టామో వారి ముఖమును మాకు జ్ఞాపకము చేయుము, ఈ రాత్రే అది తీర్చుటకు మాకు మనస్సు ఇయ్యుము. ఇటుకలు మోయు చేతులను, ఎత్తున నిలబడి పనిచేయు పాదములను కాపాడుము. మేము కట్టు ప్రతి గోడలోపల నీవు నివసించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.